అల్లుడు ఎత్తుకోకుండా యూరప్ చూడొచ్చా?

గుంటూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై ఎనిమిది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతారు. తొమ్మిదేళ్ల కిందట స్కూటర్ మీద వెళ్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. అప్పటి నుంచి వీల్‌చైర్. చేతుల్లో బలం ఉంది. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారు సీట్లోకి తనంతట తనే మారతారు. మూత్రం పోవడానికి నాలుగు గంటలకోసారి క్యాథటర్ అనే సన్నటి గొట్టం పెట్టుకోవాలి, అదీ సొంతంగానే. కాలేజీలో క్లాసును కింది అంతస్తుకి మార్చి, గుమ్మం దగ్గర సిమెంటుతో ర్యాంపు కట్టించారు. ఇంటి దగ్గర మాత్రం గేటు దాటగానే మురుగు కాలవ మీద ఒక బండ, దాని తర్వాత రోడ్డు. వెనక ఎవరో ఒకరు పట్టుకోకుండా ఆ బండ దాటింది తొమ్మిదేళ్లలో ఒక్కసారీ లేదట.

అమ్మాయికి రెండేళ్ల కిందట పెళ్లయింది. అల్లుడితో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటోంది. ఈ మే నెలలో అమ్మానాన్నలు రావాల్సిందేనని పట్టుబట్టి ప్లాను కూడా వేసేసింది: పద్నాలుగు రోజులు, అందులో పది రోజులు తిరుగుడు. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, రోమ్, వెనిస్, చివర్లో స్విట్జర్లాండ్ మంచు. అల్లుడు కారు నడుపుతాడు. "మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కానీ ఆయన రోజూ జిమ్‌కి వెళ్తాడు కదా, నిన్ను ఎత్తుకుంటాడులే. నువ్వేం ఆలోచించకమ్మా" అందట.

ఆవిడ భర్త బ్యాంకు ఉద్యోగి. డిస్కు జారి నడుముకి బెల్టు పెట్టుకుని తిరుగుతున్నారు. "ఆ మెట్లూ ఆ రాళ్ల రోడ్లూ మనకెందుకు, పిల్లనే రమ్మందాం" అంటారు. మరీ గట్టిగా అడిగితే "సరే, ఎక్కడ మెట్లుంటే అక్కడ నేను ఎత్తుకుంటా" అంటారు. అత్తగారు "కాళ్లున్నవాళ్లకే దిక్కులేదు" అని ఊరుకున్నారు.

ఐదో పేజీలో అసలు సంగతి ఉంది. కూతురి పెళ్లి జరిగిన ఫంక్షన్ హాల్లో స్టేజీకి ఏడు మెట్లు. క్యాటరింగ్ కుర్రాళ్లు నలుగురు కుర్చీతో సహా ఆవిడను లేపి పైన పెట్టారు. చీర పక్కకు జారింది, సర్దుకోవడానికి చేతులు ఖాళీ లేవు. పెళ్లి వీడియోలో ఆ సీను పాటతో సహా ఉంది. "ముహూర్తం నాకు సరిగ్గా గుర్తులేదండీ, ఆ ఏడు మెట్లే గుర్తున్నాయి. నన్ను ఎవరూ ఎత్తకుండా, వెనక ఎవరూ తొయ్యకుండా, ఒక్క పూట ఏదో ఒక వీధిలో నేనొక్కదాన్నే చక్రం తిప్పుకుంటూ వెళ్లాలనుంది. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వెళ్లాలనుకోవడం స్వార్థమా? వెళ్తే పిల్లల సెలవులు నా వల్ల పాడవుతాయా?" అని అడిగారు.

మేడం గారూ,

మీ ఉత్తరంలో ఈఫిల్ టవర్ గురించి ఒక పేజీ రాశారు. అమ్మాయి ఇంటి గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పాత ఇళ్లలో అంటే యాభై మెట్లకు తగ్గవు. ఈఫిల్ టవర్‌కి లిఫ్టుంది, మీ అమ్మాయి ఇంటికి లేదు. అక్కడే ఉండి రోజుకు ఒక్కసారి దిగి ఒక్కసారి ఎక్కితే పద్నాలుగు రోజుల్లో ఇరవై ఎనిమిది సార్లు మీ అల్లుడు మిమ్మల్ని మోయాలి. మొదటి రెండు రోజులు నవ్వుతూ మోస్తాడు, మంచి పిల్లాడనే అనిపిస్తోంది. మూడో రోజు మీరే "ఇవాళ నేను ఇంట్లో ఉంటాలే, మీరు వెళ్లి రండి" అంటారు. ఎందుకంటే ఇన్నేళ్లుగా మీకు అలవాటైన మాట అది. అప్పుడు యూరప్ అంటే మీకు మూడో అంతస్తు కిటికీలోంచి కనిపించే వీధి మాత్రమే. పైగా నడుము కింద స్పర్శ లేని మనిషిని ఇరుకు మెట్ల మీద ఎత్తుకుని దిగడం జిమ్‌లో బరువులెత్తడం లాంటిది కాదు. కాలు గోడకు రాసుకున్నా మీకు తెలియదు.

మీ ఇంట్లో ఇప్పుడు మూడు ప్రయాణాలు నడుస్తున్నాయి. అమ్మాయిది ఫొటోల ప్రయాణం, పది రోజుల్లో ఆరు ఊళ్లు. మీవారిది జరగకూడని ప్రయాణం. మీది ఒక్క పూట, ఒక్క వీధి. మీ ప్రయాణం అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే చవక కూడా. దాని గురించే ఎవరికీ తెలియదు. స్వార్థమా అని అడిగారు. ఆరు ఊళ్లు కావాలన్నది మీరు కాదుగా!

నేనూ వీల్‌చైర్ మనిషినే. మూడో ఏట పోలియో. ముప్పై దాటాక కాళ్లకు కట్టుకునే క్యాలిపర్లు పక్కన పడేసి కుర్చీలో కూర్చున్నాను. యూరప్ రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి తప్పులన్నీ చేశాను కాబట్టి కాస్త ధైర్యంగా చెప్పగలను.

పారిస్ మెట్రో 1900లో మొదలైంది. ఆ రోజుల్లో తవ్విన సొరంగాలకు మెట్లే దారి. మూడు వందలకు పైగా స్టేషన్లున్నా, పాత లైన్లలో కుర్చీతో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లగలిగింది ఒక్కటీ లేదు. 14వ నంబరు లైను ఒక్కటి వేరు. అది 1998లో వచ్చింది కాబట్టి లిఫ్టులతోనే కట్టారు. నాకు ఈ సంగతి తెలియదు. ఒక స్టేషన్ ముందు మెట్ల పైన కూర్చుని కిందికి చూస్తూ ఉండిపోయాను. కింద నుంచి వెచ్చటి గాలి వస్తోంది, రైలు చప్పుడు వినిపిస్తోంది, జనం నా పక్క నుంచి గబగబా దిగిపోతున్నారు. నాతో వచ్చిన స్నేహితుడు "నలుగుర్ని పిలవనా" అన్నాడు. పారిస్ దాకా వచ్చినా ఆ నలుగురే!

వద్దన్నాను. బస్ స్టాపుకి వెళ్లాం. బస్సు వచ్చి ఆగింది. మధ్య తలుపు పక్కన వీల్‌చైర్ బొమ్మ ఉన్న బటన్ నొక్కితే పీక్ పీక్ మని చప్పుడు చేస్తూ బస్సు కింద నుంచి ఒక పలక నాలుక చాపినట్టు బయటికొచ్చి పేవ్‌మెంటు మీద ఆనింది. ఎక్కాను. పలక లోపలికి పోయింది, బస్సు కదిలింది. లోపల ఒక్కరు కూడా తలెత్తి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అలాగని అక్కడంతా స్వర్గమేమీ కాదు. మరో ఊళ్లో ఇలాగే బటన్ నొక్కితే పలక బయటికి రాలేదు, పాడైపోయింది. డ్రైవరు భుజాలెగరేసి తర్వాతి బస్సు చూసుకోమన్నాడు. ఇంకోచోట స్టేషన్ లిఫ్టుకి కాగితం అంటించి ఉంది. అర్థం కాకపోయినా ఆ కాగితం ఏ భాషలోనైనా ఒకటే కదా. అందుకే అక్కడ ఊరు పేరు చూసి కాదు, తలుపు చూసి, దారి చూసి ఎంచుకోవాలి. అమ్మాయి వేసిన లిస్టును అలాగే చూద్దాం.

పారిస్ ఉంచుకోవచ్చు, మెట్రోని మర్చిపోతే. సిటీ బస్సులు, ట్రాములు చాలు. ఈఫిల్ టవర్‌లో వీల్‌చైర్‌తో రెండో అంతస్తు దాకా లిఫ్టులో వెళ్లనిస్తారు, శిఖరానికి పంపరు. రెండో అంతస్తు నుంచే ఊరంతా కనిపిస్తుంది, బెంగ పెట్టుకోకండి. 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచిన నోత్ర్ దామ్ చర్చిని లోపల తిరిగి చూడొచ్చు, గంటల గోపురాలకు మాత్రం మెట్లే. ఇక లూవ్ర్ మ్యూజియం. వికలాంగులూ తోడు వచ్చిన ఒకరూ టికెట్ కొనక్కర్లేదు. గాజు పిరమిడ్ కిందికి మెలికలు తిరుగుతూ ఒక మెట్ల దారి ఉంటుంది. ఆ మెలిక నడుమ పైకప్పు లేని గుండ్రటి స్తంభం లాంటిది ఒకటి నేలలోంచి పైకి లేస్తుంది. అదే లిఫ్టు. మీరు అందులోకి వెళ్లగానే మెల్లగా కిందికి దిగుతుంది, చుట్టూ అందరూ మెట్ల మీద నడుస్తూ మిమ్మల్నే చూస్తుంటారు. జీవితంలో మొదటిసారి ఆ చూపుల్లో జాలి కాకుండా అసూయ కనిపించింది నాకు. మోనాలిసా దగ్గర జనం తిరునాళ్లలా ఉంటే, అక్కడి గార్డు నన్ను పక్క నుంచి ముందుకు పంపింది. బొమ్మ అనుకున్నదానికంటే చిన్నది.

వెనిస్ మీద మీవారి భయంలో న్యాయముంది. నాలుగు వందలకు పైగా వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే. వాళ్లు కొత్తగా కట్టుకున్నదాన్ని కూడా అలాగే కట్టారు. 2008లో రైల్వే స్టేషన్ దగ్గర పేరుమోసిన ఆర్కిటెక్టు సాంతియాగో కలత్రావా డిజైన్ చేసిన వంతెన తెరిచారు, దానికీ మెట్లే. గొడవయ్యాక పక్కన గుడ్డు ఆకారంలో ఒక డబ్బా తగిలించారు, కుర్చీని అందులో పెట్టి అటు చేర్చడానికి. అది సరిగా పనిచేయలేదు, చివరికి పీకేశారు. మన దగ్గర గుడి మెట్ల పక్కన నిటారుగా ర్యాంపు కట్టి, దానికి గొలుసు వేసి తాళం వేస్తారే, ఆ కథే. అయితే వెనిస్‌లో పడవలే బస్సులు. వపొరెట్టో అనే ఆ పడవల్లో వీల్‌చైర్ ఎక్కుతుంది. 1వ నంబరు పడవలో గ్రాండ్ కెనాల్ ఈ చివర నుంచి ఆ చివరకు కూర్చుంటే సగం వెనిస్ చూసినట్టే. కానీ ఇది మొదటి ప్రయాణానికి కాదు. ఇంకోసారి చూసుకోవచ్చు.

రోమ్‌లో కొలోసియంకి లిఫ్టుంది, పాంథియన్‌లోకి వెళ్లొచ్చు. కానీ ఆ రెంటి మధ్యా ఉన్న వీధులు! అరచేతంత నల్లరాళ్లు గుమ్మటాల్లా పైకి తేలి ఉంటాయి. ముందు చిన్న చక్రం ప్రతి సందులోనూ దిగబడుతుంది. రోజంతా తిరిగితే నడుము పైభాగం హూనమవుతుంది, కింది భాగం సంగతి మీకు తెలియకుండానే జరిగిపోతుంది. అది ఇంకా ప్రమాదం. ప్రాగ్ పాత ఊరు కూడా ఇదే తరహా, పైగా కోట గుట్ట మీద. ఆమ్‌స్టర్‌డామ్ నేలంతా చదునే, మ్యూజియాలు బ్రహ్మాండంగా ఉంటాయి. కాలవ ఒడ్డున ఉన్న పాత ఇళ్ల మెట్లు మాత్రం నిచ్చెనల్లాంటివి. నాజీలకు దొరక్కుండా ఆన్ ఫ్రాంక్ అనే యూదు అమ్మాయి దాక్కున్న గదుల్లోకి కుర్చీ వెళ్లదు, కొత్త భవనం భాగమే చూడగలరు. మీరు పిల్లలకు ఆమె డైరీ గురించి చెబుతుంటానని రాశారు కాబట్టి ముందే చెప్తున్నాను, అక్కడికెళ్లి గుమ్మంలో ఆగిపోతే బాధేస్తుంది. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రౌ కొండ మీదికి 3,454 మీటర్ల ఎత్తుదాకా రైలే వెళ్తుంది. వెన్నెముక దెబ్బ ఉన్నవాళ్లు అంత ఎత్తుకి వెళ్లే ముందు డాక్టర్ని అడగాలి, చలికి కాళ్లు మొద్దుబారినా మనకు తెలియదు కదా.

రాళ్ల వీధి గురించి ఒక ముచ్చట. నెదర్లాండ్స్‌లో బ్రెడా అని ఒక ఊరుంది. పాత వీధుల్లో రాళ్లు తీసేస్తే ఊరి అందం పోతుంది, ఉంచితే కుర్చీ వెళ్లదు. వాళ్లేం చేశారంటే ఆ రాళ్లనే పెకలించి, కోసి, నున్నటి ముఖం పైకి వచ్చేలా మళ్లీ పరిచారు. వీధి పాతదే, నడక కొత్తది. అందరికీ అందుబాటుగా ఉన్న నగరానికి యూరోపియన్ యూనియన్ ఏటా ఇచ్చే అవార్డు 2019లో ఈ ఊరికే వచ్చింది. 2025కి అదే అవార్డు వియన్నాకి వచ్చింది.

వియన్నా మీ లిస్టులో లేదు, ఉండాల్సింది. మెట్రో స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి. తక్కువ ఎత్తు ట్రాములు నేలకు జానెడు పైన ఉంటాయి, వాటికీ పలక వేస్తారు. ఊరి నడిబొడ్డును చుట్టి ఉన్న రింగ్ రోడ్డు వెంబడి పేవ్‌మెంట్లు మన ఊరి రోడ్డంత వెడల్పు. పాత ప్యాలెస్‌లు, తోటలు, మ్యూజియాలు అన్నీ ఆ చుట్టుపక్కలే. మీరడిగిన "ఒక్క పూట, ఒక్క వీధి" ఎక్కడ బాగుంటుందని నన్నడిగితే అక్కడే అంటాను. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా రైలుంది, ఆరేడు గంటలు. (లండన్ సంగతి అడుగుతారేమో. అక్కడి నల్ల ట్యాక్సీలన్నిటికీ ర్యాంపు ఉంటుంది, నాకు చాలా ఇష్టం. కానీ వీసా వేరు, ఈసారికి వదిలేయండి.)

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను. ఏది పట్టుకోవాలో మీరే చూసుకోండి.

అమ్మాయి ప్లాను యథాతథంగా ఒప్పుకోవచ్చు. ఆరు ఊళ్ల పేర్లు చెప్పుకోవచ్చు, ఫొటోలు వస్తాయి. కానీ ప్రతి రెండో రాత్రీ కొత్త గది, కొత్త బాత్‌రూం. కొత్త బాత్‌రూం అంటే ఏమిటో నడిచేవాళ్లకు తెలియదు, మనకే తెలుసు. నాలుగు గంటల లెక్క కారు ప్రయాణంలో తప్పుతుంది. తప్పుతుందని మీరు నీళ్లు తాగడం మానేస్తారు. నేనూ మానేశాను, మూడో రోజుకి చలిజ్వరం వచ్చి హోటల్ గదిలో రెండు రోజులు పడుకున్నాను. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ఇక్కడి నుంచే గ్రూపు టూర్‌లో వెళ్లొచ్చు. తెలుగు భోజనం దొరుకుతుంది, మీవారికి నచ్చుతుంది. కానీ ఆ టూరిస్టు బస్సులు చాలావరకు మెట్లవే. రోజుకు పదిసార్లు ఎక్కి దిగాలి. అంటే మళ్లీ ఎవరో ఎత్తాలి, మళ్లీ ఆ ఏడు మెట్లే. నేనైతే వెళ్లను.

అమ్మాయి ఊరే మకాంగా పెట్టుకుని పగటి ప్రయాణాలు చేయొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మైన్ నది ఒడ్డు చదునుగా ఉంటుంది, ఒడ్డు పొడవునా మ్యూజియాలే. కొలోన్ గంటా గంటన్నర రైలు. స్టేషన్ బయటికి రాగానే కతీడ్రల్ మీద పడిపోతుందా అన్నట్టు నిలబడి ఉంటుంది. గోపురం ఎక్కడానికి 533 మెట్లు, పిల్లల్ని పంపించి మీరిద్దరూ కింద కాఫీ తాగండి. ఇందులో అలసట తక్కువ, ఖర్చు తక్కువ. పారిస్ చూడలేదన్న వెలితి మిగులుతుంది.

లేదా ఇలా పది రోజులు ఉంటూనే ఒకే ఒక్క ఊరికి నాలుగు రాత్రులు వెళ్లి రావొచ్చు. పారిస్ అయితే మీ కల, వియన్నా అయితే మీ వీధి. నా మొగ్గు దీనికే, దాచడమెందుకు. అమ్మాయికి మాత్రం నిరాశే. వాళ్లిద్దరూ కుర్రాళ్లు, మిగతా ఊళ్లు ఎప్పుడైనా చూసుకుంటారు.

ఈ ఏడాది వెళ్లకుండా పిల్లనే రమ్మనొచ్చు కూడా. తప్పేం లేదు, మీవారి మనసు కుదుటపడుతుంది. వచ్చే ఏడాదికి ఆయన నడుము ఇంకో ఏడాది పాతదవుతుంది, ఆ లెక్క కూడా వేసుకోండి.

ఏ దారి పట్టినా అమ్మాయి ఇంట్లో బస చేయడం గురించి ముందు తేల్చుకోవాలి. దగ్గర్లో వీల్‌చైర్ గది ఉన్న హోటలో, కింది అంతస్తులో రెండు వారాలకు అద్దె ఇల్లో చూడమనండి. "కన్నకూతురి ఇల్లుండగా హోటలా" అని ఆమె బాధపడుతుంది, అది సహజం. ఫోన్లో వద్దు, వీడియో కాల్‌లో చెప్పండి. "నీ ఇంటికి రావడం లేదని కాదమ్మా, ఒక్కరోజు అల్లుడి సాయంతో వస్తాను, వంట చేసి పెడతాను. మిగతా రోజులు నేను అనుకున్నప్పుడు బయటికి వెళ్లి, అనుకున్నప్పుడు లోపలికి రావాలి" అనండి. ఆ ఒక్కరోజు కూడా ఎత్తుకోవడం మీకు ఇష్టమైతేనే. పెళ్లి వీడియో సంగతి కూడా ఆమెకు చెప్పండి. రెండేళ్లుగా ఆ అమ్మాయి ఆ సీను సరదాగా చూస్తూ ఉండి ఉంటుంది, పాపం తెలియదు.

హోటల్ వాళ్లను "వీల్‌చైర్‌కి బాగుంటుందా" అని అడిగితే అందరూ అవుననే అంటారు. కొలతలు అడగాలి. బాత్‌రూం తలుపు ఎన్ని సెంటీమీటర్లు, స్నానం దగ్గర గట్టు ఉందా, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఉందా, లిఫ్టులో కుర్చీ పడుతుందా. ఫొటో పంపమనాలి. ముందుగా మీ కుర్చీ వెడల్పు టేపుతో కొలవండి, సీటు వెడల్పు కాదు, ఈ చక్రం తిప్పుడు కడ్డీ నుంచి ఆ చక్రం తిప్పుడు కడ్డీ దాకా. ఆ ఒక్క నంబరు అమ్మాయికి పంపితే సగం వెతుకులాట తగ్గుతుంది. వీల్‌మ్యాప్ అని ఒక ఆన్‌లైన్ మ్యాప్ ఉంది, తనూ వీల్‌చైర్ వాడే రౌల్ క్రౌట్‌హౌసెన్, ఆయన మిత్రులు 2010లో బెర్లిన్‌లో మొదలుపెట్టారు. ఏ కాఫీ హోటల్లోకి కుర్చీ వెళ్తుందో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లో చూపిస్తుంది.

బాత్‌రూం బెంగకి ఒక తాళంచెవి ఉంది, నిజంగా తాళంచెవే. యూరో కీ అంటారు. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఉన్న డార్మ్‌స్టాట్‌లో వికలాంగుల సంఘం ఒకటి 1986లో మొదలుపెట్టింది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో హైవేల మీద, స్టేషన్లలో, ఊళ్లలో వీల్‌చైర్ వాళ్లకు కేటాయించిన వేల టాయిలెట్లకు అదొక్కటే తాళం. ఎవరు పడితే వాళ్లు వాడి పాడు చేయకుండా. వైకల్యం రుజువు చూపిస్తే డబ్బులు కట్టించుకుని ఇస్తారు. అమ్మాయిని ఇప్పుడే వాళ్లకు రాయమనండి, మన యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), డాక్టర్ ఉత్తరం స్కాన్ చేసి జతచేయమనండి. ఆ కార్డు అసలుది వెంట పెట్టుకోండి, మ్యూజియాల్లో అడుగుతారు. చాలాచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల తమ దేశం కార్డే కావాలంటారు, వాదించి లాభం లేదు.

రైలుకి ఒక రోజు ముందు చెప్పాలి. అక్కడి నిబంధన ప్రకారం సాయం ఉచితం. రైలు వేళకి ప్లాట్‌ఫాం మీద ఒక ఉద్యోగి చిన్న లిఫ్టు బండి తోసుకుంటూ వస్తాడు. మీరు దాని మీదికి ఎక్కితే, బావిలో చేద తోడినట్టు చేత్తో హ్యాండిల్ తిప్పుతాడు. మీరు కుర్చీతో సహా బోగీ గుమ్మం ఎత్తుకు లేస్తారు. ఎవరూ మిమ్మల్ని ముట్టుకోరు. రైల్లో వీల్‌చైర్ చోట్లు చాలా తక్కువ కాబట్టి టికెట్ ముందే తీసుకోవాలి.

విమానం గురించి మీవారి ప్రశ్నలకు ఇది చూపించండి. నేరుగా వెళ్లే విమానమే తీసుకోండి, హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఉంది. టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ సంగతి రాయించండి, మళ్లీ 48 గంటల ముందు ఒకసారి గుర్తుచేయండి. మీరు నడవలేరని, సీటుదాకా సాయం కావాలని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే "కాస్త నడుస్తారు" అని రాసేస్తారు. మీ కుర్చీకి డబ్బు తీసుకోరు. విమానం తలుపు దాకా అందులోనే వెళ్తానని, దిగాక తలుపు దగ్గరే ఇవ్వమని అడగండి. అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటో తీయండి. నా కుర్చీ ఒకసారి ముందు చక్రం వంగి వచ్చింది, ఫొటో ఉంది కాబట్టే రిపేరు డబ్బులిచ్చారు. లోపల సీటుదాకా ఒక సన్నటి కుర్చీలో తీసుకెళ్తారు, అందులోకి మాత్రం ఇద్దరు పట్టుకుని మార్చాల్సి రావొచ్చు. మీకు చేతుల్లో బలముంది కాబట్టి "నేనే మారతాను, కుర్చీ గట్టిగా పట్టుకోండి చాలు" అని చెప్పొచ్చు. చెప్పండి. క్యాథటర్లు రోజుకు ఆరు చొప్పున లెక్కేసి, దానికి సగం అదనంగా పెట్టుకుని, సగభాగం చేతి సంచిలో ఉంచుకోండి. కుషన్ చెక్-ఇన్‌లో వేయకండి, విమానం సీటు మీద దాన్నే వేసుకుని కూర్చోండి. ఇన్సూరెన్సు 30,000 యూరోలకు ఎలాగూ తీసుకోవాలి, వీసాకి తప్పదు. పాత వెన్నెముక సమస్య దాని కిందికి వస్తుందో రాదో చదివి సంతకం పెట్టండి.

మీవారి సంగతి చివరికి ఉంచాను, కష్టమైనది అదే కాబట్టి. "ఎత్తుకుంటాను" అన్న మాటలో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది. తొమ్మిదేళ్లుగా ఆయన మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లినా మెట్లనే ముందు లెక్కపెట్టుకుంటూ ఉండి ఉంటారు. బెల్టు పెట్టుకున్న నడుముతో పరాయి దేశంలో మిమ్మల్ని జారవిడుస్తానేమోనన్నది ఆయన పైకి చెప్పని మాట. ఆయన్ని "యూరప్ వెళ్దామా" అని అడగకండి. "మీరు నన్ను ఒక్కసారి కూడా ఎత్తక్కర్లేని చోటుకి వెళ్దామా" అని అడగండి. మీ ఒక్క పూట కోరిక కూడా అప్పుడే చెప్పేయండి. మ్యూజియం గుమ్మం దగ్గర ఆయన కాఫీ తాగుతూ కూర్చుంటారు, ఫోన్ ఆన్‌లో ఉంటుంది, మూడు గంటల్లో మీరు తిరిగొస్తారు. ఆయన ఆ మూడు గంటలూ టెన్షన్ పడతారు. పడనివ్వండి.

ఆ కాలవ మీది బండ సంగతి కూడా చూడండి. మేస్త్రీకి ఒక పూట పని. అరడుగు ఎత్తుంటే ఆరడుగుల పొడవు వాలు రావాలి, అంతకంటే నిటారుగా కట్టనివ్వకండి, "ఇంతుంటే చాలమ్మా" అంటాడు, ఒప్పుకోకండి. సిమెంటు ఆరాక ఒక సాయంత్రం ఒక్కరే వెళ్లి, రోడ్డవతల కిరాణా కొట్లో ఒక కొబ్బరినూనె సీసా కొనుక్కుని రండి. వీసా రావడానికి ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది.